పిడుదుల పొడి, వట్టి చేతులు

తనిఖీకి వెళ్ళినప్పుడు మేము పాల లెక్కలతోపాటు గేదెల పాకలూ చూస్తాము. ఒకప్పుడు ప్రతి చూరులోనూ గమాక్సిన్ పొట్లం ఉండేది. పిడుదులు పోవాలని ఆ పొడిని వట్టి చేతులతో గేదెకు రుద్దేవారు. మేమూ వద్దనలేదు. అందులోని లిండేన్ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో నిర్ధారించింది. సేద్యంలో ఆ మందు వాడినవారిలో లింఫ్ గ్రంథుల క్యాన్సర్ ఎక్కువగా కనబడింది. ఇది కొవ్వులో నిలిచి పాలలోకీ దిగుతుంది.

మన దేశంలో లిండేన్ వాడకాన్ని 2013లో నిషేధించారు. కాని వేరే మందులు కొట్టిన చేల గట్లపై మన సభ్యురాండ్రు నేటికీ వట్టి చేతులతోనే గడ్డి కోస్తున్నారు. మందు చర్మం గుండా కూడా ఒంటికి పడుతుంది. కార్యదర్శులు రబ్బరు తొడుగులు తెప్పించగలరు. పాలు పితికే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడగాలి. ఖాళీ మందు డబ్బాతో దాణా కొలవడం మాత్రం మేము చూస్తూ ఊరుకోము.