మీకు తెలుసా? అండమాన్‌లో వనభోజనాలు పెందలాడే ముగించాలి

శ్రీ విజయపురంలో (2024 దాకా ఈ ఊరి పేరు పోర్ట్ బ్లెయిర్) నవంబరు మధ్యలో సాయంత్రం అయిదు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. విశాఖలో కంటే దాదాపు అరగంట ముందన్నమాట. దీవులు దేశానికి తూర్పు కొసన ఉన్నా గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే కావడమే కారణం. కాబట్టి ఇక్కడ కార్తీక వనభోజనం పెట్టుకుంటే పులిహోర పొయ్యి పొద్దున్నే వెలిగించాలి!

శరత్తు అనగానే మనకు తేటపడ్డ ఆకాశం, పిండారబోసినట్టున్న వెన్నెల గుర్తొస్తాయి. అండమాన్‌లో ఆ లెక్క కుదరదు. నైరుతి వానలు వెనక్కి తగ్గేసరికి ఈశాన్య రుతుపవనాలు అందుకుంటాయి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో తుపానులూ ఎక్కువే. అట్లతద్దినాడు చందమామను చూశాకే అట్లు తినాలంటే మబ్బుల దయ కావాలి.

2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో కార్తీకంలో చేపలు మానేసేవారికి కొబ్బరికి మాత్రం కొదవలేదు. కొబ్బరన్నం, కొబ్బరి పచ్చడి, నాగులచవితికి చలిమిడి, చిమ్మిలి ఉంటే విస్తరి నిండినట్టే.

షికారుకు చిడియా టాపు మంచి చోటు. ఊరికి సుమారు 25 కిలోమీటర్లు. అక్కడి సూర్యాస్తమయానికి పేరుంది. అన్నట్టు, ఈ దీవుల తీరాల్లో ఉప్పునీటి మొసళ్లుంటాయి. హెచ్చరిక బోర్డులు చదివాకే పిల్లల్ని నీళ్లలోకి దించండి.