పాషాణాన్ని పేడ ఏం చేస్తుంది?

దసరా సెలవులకి సింధనూరు దగ్గర క్యాంపులో ఉండే అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లాను. బోరునీళ్లు తాగబోతుంటే అమ్మమ్మ గ్లాసు లాక్కుని, "కాచి చల్లార్చినవి తాగవే. కాస్తే ఏ రోగమైనా పోతుంది" అంది.

క్రిముల విషయంలో ఆ మాట నిజమే. ఆర్సెనిక్ విషయంలో మాత్రం కాదు. అది చచ్చిపోవడానికి క్రిమి కాదు, మూలకం. కాచినకొద్దీ నీళ్లు ఆవిరై తగ్గుతాయి కానీ అందులోని ఆర్సెనిక్ తగ్గదు. పైగా నీళ్లలో అది కలిసినట్టు రంగు, రుచి, వాసన దేనివల్లా తెలీదు.

దీన్ని మన పెద్దవాళ్లు పాషాణం అన్నారు. సంస్కృతంలో ఆ మాటకి రాయి అని అర్థం, మన వాడుకలో విషం. నిజానికి రెండూ సరిపోతాయి, ఎందుకంటే ఈ విషం రాళ్లలోంచే వస్తుంది. అమ్మమ్మ వాళ్ల రాయచూరు జిల్లాలోనే హట్టి బంగారు గనులున్నాయి. బంగారం దొరికే రాళ్లలో ఆర్సెనోపైరైట్ అనే ఖనిజం తరచూ ఉంటుంది. అలాంటి రాళ్లు శిథిలమైతే ఆర్సెనిక్ భూగర్భజలంలోకి దిగవచ్చు. తాగే నీటిలో అది లీటరుకి 0.01 మిల్లీగ్రాము మించకూడదు. మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఒంటి మీద మచ్చలు, అరచేతుల్లో అరికాళ్లలో గరుకు కాయలు, చివరికి క్యాన్సర్ కూడా రావచ్చు.

మరి బ్యాక్టీరియా ఏం చేస్తాయి? నీళ్లలో ఆర్సెనిక్ ముఖ్యంగా రెండు రూపాల్లో ఉంటుంది: ఆర్సెనైట్, ఆర్సెనేట్. మామూలు నీళ్లలో ఆర్సెనైట్‌కి విద్యుదావేశం ఉండదు. అందుకే వడపోతకి సరిగా చిక్కదు. విషం కూడా దానికే ఎక్కువ. ఆర్సెనేట్‌కి ఋణావేశం ఉంటుంది కాబట్టి ఇనుప తుప్పులాంటి పదార్థాలకి గట్టిగా అతుక్కుంటుంది. కొన్ని బ్యాక్టీరియా మొదటి రూపాన్ని రెండో రూపంలోకి మార్చేస్తాయి. వాటిలో కొన్ని బతకడానికి కావలసిన శక్తిని ఆ మార్పులోంచే తీసుకుంటాయి! మనకి విషం, వాటికి అన్నం.

ఇక్కడ ఇంకో చిక్కుంది. వడకట్టాక ఫిల్టర్‌లో మిగిలిన ఆర్సెనిక్‌ని ఎక్కడ పారెయ్యాలి? ఊరి బయట పోస్తే వానకి మళ్లీ భూమిలోకే దిగుతుంది. మన బెంగళూరులోని ఐఐఎస్‌సీలో యజ్ఞసేని రాయ్ బృందం 2024లో ప్రకటించిన పద్ధతి ఈ ప్రశ్నకి కూడా జవాబు వెతికింది. ఆ పద్ధతిలో మూడు మెట్లున్నాయి. మొదట రొయ్యలు, పీతల పెంకుల నుంచి వచ్చే కైటోసాన్‌కి ఇనుము, అల్యూమినియం సమ్మేళనాలు చేర్చి, దాని గుండా నీళ్లు పంపుతారు. ఆర్సెనిక్ దానికి పట్టుకుంటుంది. తర్వాత క్షారద్రవంతో దాన్ని కడిగి, ఆ కడుగు నీటిలోంచి ఆర్సెనిక్‌ని పలచని పొర సాయంతో వేరుచేస్తారు. మూడో మెట్టు ఆవుపేడ. పేడలోని సూక్ష్మజీవులు ఆర్సెనిక్‌కి మిథైల్ సమూహాలు తగిలించి సేంద్రియ రూపంలోకి మారుస్తాయి. ఆ రూపాల విషప్రభావం సగటున 50 రెట్లు తక్కువ అని ఆ బృందం చెప్పింది.

అంటే సూక్ష్మజీవులు కూడా పాషాణాన్ని మాయం చెయ్యలేవు. మూలకాన్ని ఏ జీవీ నాశనం చెయ్యలేదు. దాని రూపం మార్చి, మనకి హాని తగ్గిస్తాయి, అంతే.

ఇదంతా చెప్తే అమ్మమ్మ, "అయితే బిందెలో ఇంత పేడ కలపమంటావా?" అంది. "అయ్యో, వద్దమ్మమ్మా! పేడ పని తాగే నీళ్లలో కాదు, వడకట్టి తీసిన విషం మీద" అన్నాను. ముందు మనం చెయ్యాల్సింది నీళ్లు పరీక్ష చేయించడం. ఉప్పదనం, గట్టిదనం చూసే మామూలు పరీక్షలో ఆర్సెనిక్ బయటపడదు. అది కూడా చూడమని విడిగా అడగాలి.

నేను బెంగళూరు బస్సెక్కే రోజు అమ్మమ్మే కడిగిన సీసా తెచ్చి బోరు కింద పట్టింది. మావయ్య దాన్ని జిల్లా నీటి పరీక్షశాలలో ఇచ్చి వచ్చాడు. ఫలితం ఇంకా రాలేదు. ఈసారి సెలవులకి మీరూ ఇంటికి వెళ్తే మీ బోరు సంగతి ఒకసారి అడగండి.