లినక్స్‌లో ప్రింట్ రావట్లేదా? డ్రైవర్ కంటే ముందు క్యూ చూడండి

తమ్ముడి హాల్ టికెట్ ప్రింట్ తీయాలి, ఎగ్జామ్ సెంటర్‌కి బయల్దేరడానికి అరగంటే ఉంది. ఉబుంటు ల్యాప్‌టాప్‌లో ప్రింట్ కొట్టా. పేజీ రాలేదు. ఇంకో మూడుసార్లు కొట్టా, అయినా రాలేదు. డ్రైవర్ పోయిందనుకుని ప్రింటర్‌నే డిలీట్ చేయబోయా. కానీ సమస్య అక్కడ లేదు.

లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునేది కప్స్ అనే సాఫ్ట్‌వేర్. మ్యాక్‌లో కూడా 2002 నుంచి ఇదే. మనం ఇచ్చిన ఫైల్ నేరుగా ప్రింటర్‌కి వెళ్లదు, ముందు కప్స్ క్యూలో చేరుతుంది. మధ్యలో యూఎస్‌బీ కేబుల్ ఊడితే కప్స్ ఆ క్యూని పాజ్‌లో పెట్టేయొచ్చు. కేబుల్ మళ్లీ పెట్టినా ఆ పాజ్ అలాగే ఉండిపోతుంది. కొత్త జాబ్‌లు మాత్రం తీసుకుంటూనే ఉంటుంది. అందుకే ఎర్రర్ కనపడదు, పేపరూ రాదు.

ఇలా చేయండి:

1. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:631 ఓపెన్ చేసి, ప్రింటర్స్ ట్యాబ్‌లో మీ ప్రింటర్ పేరు మీద క్లిక్ చేయండి.
2. "పాజ్డ్" అని ఉంటే, మెయింటెనెన్స్ మెనూలో ముందు "క్యాన్సిల్ ఆల్ జాబ్స్" సెలెక్ట్ చేయండి. పాస్‌వర్డ్ అడిగితే అడ్మిన్ అకౌంట్‌ది ఇవ్వండి.
3. తర్వాత అదే మెనూలో "రెజ్యూమ్ ప్రింటర్" ఇచ్చి, మళ్లీ ప్రింట్ కొట్టండి.

ఇది తరచూ జరుగుతుంటే "సెట్ డిఫాల్ట్ ఆప్షన్స్"లోని పాలసీస్‌లో ఎర్రర్ పాలసీని "రీట్రై జాబ్"కి మార్చండి. అప్పుడు క్యూ ఆగిపోకుండా కప్స్ కాసేపాగి మళ్లీ ట్రై చేస్తుంది.

ఆ రోజు నేను రెండో స్టెప్ మర్చిపోయా. హాల్ టికెట్ టైమ్‌కే వచ్చింది, కాకపోతే నాలుగు కాపీలు!