అనాథ పిల్లలకు జాలి కాదు, అండ కావాలి



తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా ఆ బిడ్డను యునిసెఫ్ అనాథ కిందే లెక్కిస్తుంది. అలాంటి పిల్లలు ఎలా నిలదొక్కుకుంటారు?

టంగుటూరి ప్రకాశం పంతులుగారికి చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. ఆ రోజుల్లో ఆ పనంటే చిన్నచూపు. హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాణ్ణి చేరదీసి, రాజమండ్రి తీసుకెళ్ళి చదివించారు. 1953లో ఆయనే ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

1997లో దక్షిణాఫ్రికాలో ఎన్‌కోసి జాన్సన్ అనే బాబుకు హెచ్‌.ఐ.వి. ఉందని, బడిలో చేర్చుకోవద్దని కొందరు తల్లిదండ్రులే అడ్డుపడ్డారు. ఆ ఏడే వాళ్ళమ్మ కూడా పోయింది. మన దేశంలో 2017 నాటి చట్టం ఇలాంటి వివక్షను నిషేధించింది. కానీ చట్టం తరగతిలో పక్కన కూర్చోదు కదా! కూర్చోవాల్సింది మన పిల్లలే.

పిల్లలూ, "మీ నాన్న ఏం చేస్తారు?" అని నలుగురిలో ఎవర్నీ గుచ్చి అడగొద్దు. పెద్దలారా, మీకు తెలిసిన బిడ్డ ఎవరైనా బడి మానేసే పరిస్థితిలో ఉంటే ముందు నాకు చెప్పండి, ఫీజు సంగతి తర్వాత చూద్దాం. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

- ప్రధానోపాధ్యాయుడు