పాత గాటు, కొత్త కాన్పు

ఎండలు ముదిరినవనగా నూజివీడు సీమలో ఇంటిపట్టున నిలుచు మనిషి అరుదు. చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి కోతకు వచ్చిన దినములలో మగవారు రాత్రులందు కూడ తోట కాపలాకే పోవుదురు. పగలంతయు కోతలు, గంపలు, లారీలు. 2022 నుండి ఏలూరు జిల్లాలో చేరిన ఈ సీమకు ఏడాది రాబడి చేతికందు కాలము అదియే.

అట్టి తోటల నడుమ ఒక ఇంట నెలలు నిండుచున్న కోడలు ఉన్నదనుకొందము. తొలికాన్పు ఆనవాయితీ ప్రకారము పుట్టింట జరిగినది. బిడ్డను సిజేరియను శస్త్రచికిత్సతో తీసిరి. మలికాన్పు అత్తవారింట. “ఒకసారి కోసిన పిమ్మట మరల కోయవలసినదే గదా” అని మామగారు తేల్చివేయుదురు. “నేను నలుగురిని ఈ ఇంటనే కనలేదా?” అని అత్తగారు అందురు. కోయుటయే ఖాయమైనచో మంచి ముహూర్తము చూడవలెనని ఆడబిడ్డ పంచాంగము వెదకును. ఇందరిలో కోడలిని అడిగినవారు లేరు.

ఈ సమస్య ఒక్క ఇంటిది కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున నూటికి 42 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. దేశము మొత్తము మీద ఆ లెక్క 21 దాటి కొంచెము మాత్రమే. మన రాష్ట్రములోనే ప్రైవేటు ఆసుపత్రులలో నూటికి 60 దాటగా, ప్రభుత్వ ఆసుపత్రులలో అందు సగమైనను లేదు. తొలిసారి కోత పడిన ప్రతి తల్లియు, మరల గర్భవతియైనచో, ఈ కూడలిలోనికి రాక తప్పదు.

మామగారి మాట మన పల్లెలలో పుట్టినది కాదు. 1916లో న్యూయార్కు వైద్యుడు ఎడ్విన్ క్రేగిన్ ఆ భావమును ప్రచారములోనికి తెచ్చెను. తొలి శస్త్రచికిత్సను తేలికగా తలపెట్టవలదని తోటి వైద్యులను హెచ్చరించుటయే ఆయన ఉద్దేశము. ఆనాడు గర్భకోశమును పైభాగమున నిలువుగా కోసెడివారు. నొప్పులలో గట్టిగా ముడుచుకొను భాగమదే గనుక ఆ గాటు విచ్చుకొను భయము అధికము. 1920 తరువాత గ్లాస్గో నగరమున మన్రో కెర్ అను వైద్యుడు క్రిందిభాగమున అడ్డముగా కోయు పద్ధతిని వ్యాప్తికి తెచ్చెను. ఈ గాటు అంతకంటె గట్టిగా మానును. గాటు మారినది, లోకుల మాట మాత్రము మారలేదు.

అట్టి అడ్డుగాటు ఒక్కటే యుండి, వేరు చిక్కులు లేని తల్లులు నొప్పులకు సిద్ధపడినచో, నూటికి 72 నుండి 75 మందికి సహజ ప్రసవము జరుగునని బ్రిటనులోని రాయల్ కాలేజి ప్రసూతి వైద్యులు 2015లో ప్రకటించిరి. అంతకు ముందొక సహజ కాన్పు కూడ అయియున్నచో ఆ సంఖ్య 85 నుండి 90 వరకు పోవును. తల్లి త్వరగా తేరుకొనును. మరల మరల కోత పడిన కొలది, తరువాతి గర్భములలో మాయ పాత గాటుమీద అతుకుకొని ప్రాణము మీదికి తెచ్చు ప్రమాదము పెరుగును; ఆ భయమును తప్పును.

ఐనను రెండవ ప్రక్కను దాచరాదు. నొప్పులకు సిద్ధపడిన 200 మందిలో సుమారు ఒకరికి పాత గాటు విచ్చుకొనవచ్చును. అప్పుడు నిమిషములలో శస్త్రచికిత్స జరుగవలెను. జాగైనచో తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము. మందులతో నొప్పులు తెప్పించినచో ఈ ప్రమాదము ఇంకను హెచ్చును. నొప్పులు పడిన పిమ్మట కోయవలసి వచ్చుట, ముందే నిర్ణయించుకొని కోయించుకొనుటకంటె కష్టము. నిలువుగాటు పైభాగమున ఉన్నవారును, మునుపు గాటు విచ్చుకొనినవారును, మాయ దారికడ్డముగా ఉన్నవారును నొప్పులకు సిద్ధపడరాదు.

మరి లోపలి గాటు ఎట్టిదో తెలియుటెట్లు? పొట్టపై మచ్చ చూచి చెప్పలేము. చర్మముపై అడ్డముగా కోసి, లోపల నిలువుగా కోయవలసిన సందర్భములును కలవు. తెలియజేయునది తొలికాన్పు నాటి ఆసుపత్రి కాగితము. గాటు ఎటు పడినది, ఎందుకు కోసిరి, తరువాత జ్వరము గాని చీము గాని పట్టినదా, అను సంగతులందుండవలెను. తొలిబిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నందున కోసినచో ఆ కారణము ఈసారి ఉండకపోవచ్చును. నొప్పులు సాగియు బిడ్డ దిగక కోసినచో ఆశ కొంత తగ్గును, పూర్తిగ పోదు. రెండు కాన్పుల నడుమ ఎడమెంతయో కూడ వైద్యులు లెక్కింతురు. ఆ కాగితమో, పుట్టింట ట్రంకుపెట్టెలో చీరల అడుగున ఉండును. కోడలు ఇక్కడ, కాగితము అక్కడ!

కాగితము తరువాత దారి. నూజివీడులో ఏరియా ఆసుపత్రి కలదు. విజయవాడ పెద్దాసుపత్రికి 40 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. కాన్పు చేయదలచిన చోట రాత్రివేళ కూడ శస్త్రచికిత్స జరుగునా, మత్తు డాక్టరు ఉందురా, రక్తము దొరకునా, బిడ్డ గుండె చప్పుడును ఎడతెగక గమనింతురా అని ముందే అడుగవలెను. ఈ నాల్గింటికిని ఔనను చోటనే నొప్పులకు సిద్ధపడుట క్షేమము. అట్టి చోటు లేనప్పుడు అత్తగారి ధైర్యము ఎంతటిదైనను చాలదు. నొప్పులు మొదలైనంతనే 108 బండిని పిలువవలెను. నొప్పికి నొప్పికి నడుమ కూడ గాటు దగ్గర పోటు ఆగకున్నను, రక్తము పోయినను, నొప్పులు ఉన్నట్లుండి నిలిచిపోయినను ఒక్క నిమిషమైన తాళరాదు.

శస్త్రచికిత్సయే మేలని తోచినచో అదియు తప్పు కాదు. దానిని సాధారణముగా 39 వారములు నిండిన పిమ్మట చేయుదురు. ముహూర్తము కొరకు ముందుకు జరిపినచో బిడ్డ ఊపిరి తీయుటకు ఇబ్బందిపడవచ్చును. ముదరని కాయను దింపి కార్బైడుతో మాగబెట్టిన రంగు వచ్చును గాని రుచి రాదని మామిడి రైతునకు ఒకరు చెప్పవలెనా?

ఇక అడుగవలసినది కోడలిని. మొదటిసారి ఆమె ఎంత భయపడినదో, ఇంకెందరు బిడ్డలను కోరుచున్నదో, నొప్పులకు మనసు ఒప్పునో లేదో ఆమెకే తెలియును. నొప్పులకు సిద్ధపడిన తల్లి మొండిదియు కాదు, కోత కోరిన తల్లి పిరికిదియు కాదు. వైద్యులు లెక్కలు చెప్పవలెను, ఇంటివారు బండి సిద్ధపరుపవలెను. మాట మాత్రము ఆమెది కావలెను. నడుమ ఆమె మనసు మార్చుకొనినను ఎవరును నొచ్చుకొనరాదు.

అన్నిటికంటె ముందు, కూతురికి చలిమిడి పట్టుకొని వచ్చు తల్లి ట్రంకుపెట్టె తెరచి, చీరల అడుగున ఉన్న ఆ కాగితమును కూడ వెంట తేవలెను.