ఉదయపు నడకలో పక్షులతో చెలిమి – కుక్క మెడలో గొలుసు

కొంతకాలం క్రితం మా వైద్యశాలకు ఒక పెద్దమనిషి వచ్చారు. బ్యాంకు ఉద్యోగం నుండి విశ్రాంతి తీసుకొన్నవారు. రాత్రి రెండు గంటలైనా నిద్ర పట్టదు, తిన్నది ఒంటబట్టదు, ఊరికే విసుగు. నాడి చూసి, ఆహార విహారాలను విచారించిన పిమ్మట “రోజూ నడుస్తున్నారా?” అని అడిగాను.

“గంటసేపు నడుస్తానండీ. మా కుక్కను కూడా తీసుకువెళతాను. అయినా గుణమేమీ కనబడదు.”

“మంచిది. ఈ ఉదయం నడకలో ఏమేమి చూశారు?”

ఆయన కొంచెం తికమకపడ్డారు. “చూడటానికేముంది శాస్త్రిగారూ, రోడ్డే కదా! చెవిలో ఫోను పెట్టుకొని వార్తలు వింటూ నడుస్తాను. కుక్క ఆగితే గొలుసు పట్టి లాక్కుపోతాను.”

ఆయన కాళ్ళు నడిచాయి గాని కళ్ళు, చెవులు, మనసు ఇంటివద్దనే ఉండిపోయాయని అప్పుడు నాకు బోధపడింది. సగం మనిషి మాత్రమే చేసిన నడకకు సగం ఫలమే దక్కుతుంది. నేటి గృహస్థులలో అనేకులది ఇదే స్థితి కనుక, ఈ విషయమై నాలుగు మాటలు పాఠకులతో పంచుకోదలచాను.

శాస్త్రం చెప్పిన నడక

నడకను మన శాస్త్రంలో చంక్రమణమంటారు. దేహానికి మితిమీరిన శ్రమ కలిగించని నడక ఆయువును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని వృద్ధిచేస్తుందని, ఇంద్రియాలను మేల్కొలుపుతుందని సుశ్రుతులవారు సెలవిచ్చారు. ఇందులో చివరిమాటను మనం మరచిపోయాం. నడక కాళ్ళకు మాత్రమే కాదు, ఇంద్రియాలకు కూడా వ్యాయామమే.

చరకులవారు రోగాలకు మూలకారణాలను మూడుగా విభజించారు. ఇంద్రియాలను వాటి విషయాలతో తగని రీతిలో కూర్చడం ఒకటి, తెలిసి తెలిసి తప్పు చేయడం, అనగా ప్రజ్ఞాపరాధం, రెండవది, కాలప్రభావం మూడవది. పెంపుడు జంతువుతో చేసే నడకకు ఈ మూడూ వర్తిస్తాయి. ఒక్కొక్కటిగా విచారిద్దాం.

కంటికీ చెవికీ మేత

ఈనాటి మన కళ్ళు పగలంతా జానెడు దూరంలోని తెరకు అతుక్కొని ఉంటాయి. ఇది అతియోగం. దూరాన ఉన్న కొమ్మనుగాని, ఆకాశాన్నిగాని చూడనే చూడవు. ఇది హీనయోగం. చెవులకు మోత ఎక్కువ, మృదువైన శబ్దం తక్కువ. ఈ దోషానికి విరుగుడు ఖర్చులేనిది, మన వీధిలోనే ఉన్నది.

మా గురువుగారు తెల్లవారుజామున మూలికల సేకరణకు మమ్మల్ని వెంటబెట్టుకొని వెళ్ళేవారు. దారిలో మాటలాడరాదని నియమం. తిరిగి వచ్చాక “ఏయే పిట్టలు కూశాయి? ఏ చెట్టు మీద?” అని ప్రశ్నించేవారు. చెప్పలేనివానికి ఆనాడు పాఠం ఉండేది కాదు. పిట్టను గమనించలేని కన్ను రోగి ముఖంలోని వర్ణభేదాన్ని ఏం గమనిస్తుందని ఆయన అభిప్రాయం.

మా నివాసం విజయవాడలో బందరు కాలువకు దగ్గర. కుక్కను పెంచే ఆచారం మా ఇంట లేదు. మనవరాలి పట్టుదల వల్ల ఒక నాటు కుక్కపిల్ల ఇల్లు చేరింది. మోతీ అని పేరు. దానిని తిప్పే పని చివరకు నా పాలబడింది. మొదట విసుక్కొన్నాను. తరువాత అది నాకు మరొక గురువైంది.

కుక్క పది అడుగులకొకసారి ఆగుతుంది. దానిని లాక్కుపోకండి. అది వాసన చూసే ఆ అరనిమిషం మీరు తలెత్తి చూడవలసిన సమయం. అది చెవులు నిక్కబొడిచి ఒక దిక్కుకు చూసిందంటే అక్కడ ఏదో ఉన్నదన్నమాట. కంచె కింద నుండి జారిపోయే ముంగిసను, గోడమీద తలాడించే తొండను నాకు మొదట చూపినది మోతీయే.

మన కాలనీలలో ఏమున్నాయని అనుకోవద్దు. రావిచెట్టు మీద సన్నని సుత్తితో రాగిరేకును కొట్టినట్లు “టుక్ టుక్” మని ఎడతెగక వినవస్తే అది కంసాలి పిట్ట. విద్యుత్తు తీగమీద కూర్చుని, ఎగిరి తేనెటీగను పట్టి, తిరిగి వచ్చి దానిని తీగకు కొట్టి ముల్లు పోగొట్టి మింగే ఆకుపచ్చని చిన్న పిట్ట పసిరిక. కాలువగట్టున బూడిద గోధుమ రంగులో మట్టిముద్దవలె కదలక నిలిచి, దగ్గరకు పోగానే ఒక్కసారిగా తెల్లని రెక్కలు విప్పి ఎగిరేది గుడ్డికొంగ. కూర్చున్నప్పుడు మామూలుగా కనబడి, ఎగిరినప్పుడు నీలికాంతులు చిమ్మేది దసరానాడు మనం వెతికి చూసే పాలపిట్ట.

కోయిలనే తీసుకోండి. నల్లగా, ఎర్రని కళ్ళతో ఉండి “కూ” అని రాగం తీసేది మగది. ఆడకోయిల గోధుమ రంగుపై తెల్లని చుక్కలతో ఉంటుంది, కాకిగూటిలో గుడ్డు పెడుతుంది. వసంతంలో కాకి కోయిలను తరమడం చూస్తే, మనం విన్న కథ కళ్ళముందే జరుగుతున్నదని తెలుస్తుంది. ఇలా చూస్తూ నడిచేవానికి మనసులోని చింత కొంతసేపైనా సడలుతుంది. చింత సడలనిదే నిద్ర రాదు.

నా ప్రజ్ఞాపరాధం

పాఠకులకు హితవు చెప్పేముందు నా తప్పును ఒప్పుకోవాలి. 2019 ఏప్రిల్‌లో జరిగింది. మా కాలనీ చివర ఇళ్ళు కట్టని ఖాళీ స్థలాలున్నాయి. అక్కడ ఎవరూ ఉండరు కదా, కుక్క కాసేపు స్వేచ్ఛగా పరుగెత్తుతుందని గొలుసు విప్పేవాడిని. గొలుసు విప్పరాదని ఎరుగుదును. అయినా విప్పాను. బుద్ధి, ధైర్యం, జ్ఞాపకం మూడూ తప్పినప్పుడు చేసే పనినే చరకులవారు ప్రజ్ఞాపరాధమన్నారు.

ఒక ఉదయం రెండు తీతువు పిట్టలు మా తలలమీదుగా అరుస్తూ తిరిగాయి. పసుపుపచ్చని పొడవాటి కాళ్ళు, నల్లని రొమ్ము, కళ్ళ ముందర ఎర్రని తోలు. ఒకటి నా తలకు జానెడెత్తు దాకా దూకి మళ్ళీ లేచింది. “ఏమిటీ గోల!” అనుకొన్నానే గాని, అవి దేనిని కాపాడుతున్నాయో ఆలోచించలేదు. మోతీ గులకరాళ్ళ మధ్య మూతి పెట్టి లేచేసరికి దాని ముట్టెకు పచ్చసొన అంటుకొని ఉన్నది.

తీతువు చెట్టుమీద గూడు కట్టదు. వట్టినేల మీద చిన్న గుంట చేసి నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టిరంగులో నల్లని మచ్చలతో ఉండే ఆ గుడ్లను రెండడుగుల దూరం నుండి కూడా గుర్తించలేం. ఎండ తీవ్రమైనప్పుడు తల్లీతండ్రీ నీటిలో పొట్ట తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. అంత శ్రమను ఒక్క క్షణంలో నేను మట్టిపాలు చేయించాను. తప్పు కుక్కది కాదు. దానికి తెలిసినది అది చేసింది. తెలిసిన నేను ఊరకున్నాను.

ఆ రాత్రి ఆ జంట అరుపు మా ఇంటిదాకా వినబడుతూనే ఉన్నది. “తీతువు అరుస్తోందండీ, ఇంటికి అరిష్టమేమో!” అని మా ఇంటావిడ దిగులుపడింది. “అరిష్టం దానివల్ల మనకు కాదు. మనవల్ల దానికి” అని జరిగినదంతా చెప్పాను. ఆమె చాలాసేపు మాటాడలేదు. టిట్టిభ దంపతుల గుడ్లను సముద్రం అపహరించిన కథను పంచతంత్రంలో చిన్ననాడే చదివినవాడిని. ఈ వయస్సులో నేనే ఆ సముద్రాన్నయ్యాను.

మే నెలలో అదే మైదానం మరొక మూల మళ్ళీ తీతువు గుడ్లు కనబడ్డాయి. అదే జంటయో కాదో చెప్పలేను. ఈసారి ఇరుగుపొరుగువారికి చెప్పి, చుట్టూ దూరదూరంగా నాలుగు పెద్దరాళ్ళు గుర్తుగా పెట్టి, మా నడకదారిని మార్చుకొన్నాం. క్రికెట్ ఆడే పిల్లలు తమ వికెట్లను అవతలకు జరుపుకొన్నారు. సుమారు నెలరోజులకు గుడ్లు పొదిగి పిల్లలు బయటకు వచ్చాయి. పుట్టిన కొద్దిసేపటికే అవి తల్లి వెంట నడుస్తాయి. మనవరాలు దూరం నుండి లెక్కపెట్టి “మూడు తాతయ్యా!” అన్నది.

చీమను, పురుగును సైతం తనవలె చూడవలెనని వాగ్భటులవారు దినచర్యాధ్యాయంలో చెప్పారు. ఆరోగ్యశాస్త్రంలో ఆ మాట ఎందుకుండాలో నాకు అప్పుడు తెలిసింది.

కాలాన్ని బట్టి నడక

వ్యాయామాన్ని తన శక్తిలో సగానికి మించకుండా చేయాలి. నుదుటను, ముక్కుపైన, సంధులలో చెమట పట్టి, నోరు ఆరుతున్నదంటే అంతటితో ఆపాలి. ఇది హేమంత, శిశిర, వసంతాలకు చెప్పిన కొలత. గ్రీష్మంలో ఇంకా తగ్గించాలి. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి వగర్చడమే దానికి చల్లదనం. రోళ్ళు పగిలే రోహిణీకార్తెలో సూర్యోదయానికి ముందే నడక ముగించాలి. వెలుపలి చేతిని రోడ్డుమీద ఆనించి చూడండి. మీ చేయి ఓర్వలేని వేడిని దాని పాదాలు కూడా ఓర్వలేవు.

వర్షాకాలంలో నిలిచిన నీటిని కుక్క తాగకుండా చూడాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం కుక్కకూ మనిషికీ సోకుతుంది. పొదలలో పాములుంటాయి. సాయంకాలం టార్చిలైటు లేకుండా వెళ్ళరాదు. ఇంటికి రాగానే చెవుల వెనుక, వేళ్ళ సందులలో గోమార్ల కోసం వెతకాలి. వేపాకు కషాయంతో స్నానం మంచిదే గాని, గోమార్లు ఎక్కువైతే పశువైద్యుని చూపించక తప్పదు.

సంక్రాంతి రోజులలో చెట్లకు చిక్కిన గాలిపటాల దారాన్ని వీలైనంత తీసివేయండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అయినా కొమ్మలలో అది పక్షుల రెక్కలు కోస్తూనే ఉన్నది.

గృహస్థులు పాటించవలసినవి

1. కుక్క గొలుసు నాలుగైదు అడుగులకు మించరాదు. పిట్టలు నేలమీద మేస్తున్నచోట, ముఖ్యంగా వేసవిలో ఖాళీ స్థలాలలో, దానిని విప్పరాదు. పిట్ట మీ తలపై తిరుగుతూ అరిస్తే వెంటనే వచ్చినదారినే వెనుదిరగండి.

2. కుక్కకు మూడవ నెలలో రేబిస్ టీకా, ఆపై పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా టీకా వేయించాలి. ఏ కుక్కయైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆనాడే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. కారం, సున్నం, ఆకుపసరు పెట్టి కాలం గడపరాదు. లక్షణాలు బయటపడ్డాక ఏ వైద్యమూ దాదాపు కాపాడలేదు. ఆయుర్వేద వైద్యుడిగా నేనే ఈ మాట చెబుతున్నాను.

3. నేలమీద కనబడిన పక్షిపిల్లను ఇంటికి తీసుకుపోకండి. ఎగరడం నేర్చుకొనే పిల్లను తల్లి దగ్గరలోనే ఉండి మేపుతుంది. కుక్కను దూరంగా తీసుకుపోవడమే మీరు చేయగల సాయం.

4. చిలుకను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చెట్టు మీది చిలుకను చూసి ఆనందించండి.

5. వేసవిలో గోడమీద మట్టిమూకుడుతో నీరు పెట్టండి. రోజూ కడిగి మార్చండి. కుక్క మలాన్ని కాగితంతో తీసి చెత్తబుట్టలో వేయడం మరువకండి.

6. నిద్ర పట్టనివారు రాత్రి పడుకొనేముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేసుకోవచ్చు. మధుమేహం ఉన్నవారు పాదాలకు పుండు, పగులు లేదని చూసుకొన్న తరువాతనే చేయాలి.

మొదట చెప్పిన పెద్దమనిషికి కొద్దిపాటి ఔషధంతోపాటు ఒక అనుపానం రాసిచ్చాను: ఫోను ఇంట్లో పెట్టి అరగంట నడక, కుక్క ఆగినచోటనెల్లా ఆగడం, చూసిన ఐదు ప్రాణులను పుస్తకంలో రాయడం. వారం తరువాత పుస్తకం తెచ్చారు. మొదటిరోజున “కాకి, కాకి, పిచ్చుక, కుక్క, కాకి” అని ఉన్నది. ఇద్దరమూ నవ్వుకొన్నాం. రెండు నెలలకు ఆ పుస్తకంలో కంసాలి పిట్ట, పిగిలిపిట్ట, జెముడుకాకి, లకుముకి పిట్ట చేరాయి. నిద్ర కూడా కొంత కుదుటపడింది. అది ఔషధం వల్లనో, నడక వల్లనో విడదీసి చెప్పలేను. “ఉదయం ఎప్పుడవుతుందా అని ఇప్పుడు ఎదురుచూస్తున్నానండీ” అన్న ఆయన మాట మాత్రం ఏ రసాయనౌషధానికీ తక్కువది కాదు.

పాఠకులారా! రేపు ఉదయం గొలుసు చేతబట్టి బయలుదేరండి. కుక్క వెంట నిదానంగా నడవండి. వీధి చివర తీతువు అరిస్తే అపశకునమని జడుసుకోకండి. అక్కడ నాలుగు గుడ్లున్నాయని గ్రహించి పక్కకు తొలగండి.