వాడుకమాటయు గణనయంత్రమును

గణనయంత్రముతో పని చేయించుకొనగోరు సామాన్యుడు దాని సంకేతభాషను నేర్వనక్కఱలేక, తన నోటిమాటతోనే ఆజ్ఞాపింపగల కాలము వచ్చినదని పలువురు సంతోషించుచున్నారు. కాని ఈ కోరిక నేటిది కాదు. యూనివాక్ యంత్రమునకు ఆజ్ఞలను గణితచిహ్నములతో గాక ఇంగ్లీషు పదములతో వ్రాయవచ్చునని అమెరికాలో గ్రేస్ హాపర్ వాదించినప్పుడు, యంత్రమునకు ఇంగ్లీషు రాదు గనుక అది అసాధ్యమని పైవారు త్రోసిపుచ్చిరి. ఆమె పట్టు విడువక ఫ్లోమాటిక్ అను భాషను నిర్మింపజేసెను. దాని ప్రభావముతో 1959లో కోబాల్ అను భాష రూపకల్పన ఆరంభమయ్యెను.

కోబాల్ ప్రోగ్రామును కార్యాలయాధికారి సైతము చదివి గ్రహింపవలెనని నిర్మాతల ఆశయము. చదువుట కొంతవఱకు సాధ్యమయ్యెను. వ్రాయుట మాత్రము నిపుణుల వృత్తిగానే నిలిచిపోయెను. ఏలయన, పైకి ఇంగ్లీషే యైనను, లోపలి వ్యాకరణము ఇసుమంత సడలింపును ఎఱుగదు. 'బాకీ యున్నచో వడ్డీ కలుపుము, తాకీదు పంపుము' అను భావము గల వాక్యమును తీసికొందము. తొలినాటి నియమము చొప్పున 'ఉన్నచో' అను షరతు వాక్యాంతమందలి చుక్కతో ముగియును. వ్రాయువాడు పరాకున ఆ చుక్కను వడ్డీమాట వెంటనే పెట్టినచో, షరతు అక్కడనే తెగిపోయి, పైసా బాకీ లేనివారికి కూడ తాకీదులు పోవును! ఈ చిక్కును తీర్చుటకే 1985 నాటి ప్రమాణమున షరతు ముగింపునకు ప్రత్యేకపదమును చేర్చిరి.

యంత్రమే మనుష్యభాషను గ్రహింపవలెనని తలచినవారు వేఱొక దారి పట్టిరి. ఎం.ఐ.టి.లో టెరీ వినోగ్రాడ్ 1970 ప్రాంతమున రచించిన షర్డ్‌లూ అను ప్రోగ్రాము, తెరపై గీసిన దిమ్మెలను చెప్పినట్లు కదల్చెడిది; పిరమిడును పట్టుకొమ్మన్నప్పుడు, అచ్చట అవి పెక్కు గలవు గనుక, ఏ పిరమిడో తెలియలేదని బదులు చెప్పెను. విలియం వుడ్స్ బృందము నిర్మించిన లూనార్ అను ప్రోగ్రాము, అపోలో వ్యోమగాములు తెచ్చిన చంద్రశిలలను గూర్చి శాస్త్రజ్ఞులు అడిగిన ప్రశ్నలకు 1971లో ఉత్తరము లిచ్చెను. దిమ్మెలను, శిలలను దాటిన ప్రపంచము వానికి శూన్యము. సహజభాషలో ప్రోగ్రాములు వ్రాయబూనుట అవివేకమనియు, నియతసంకేతములు భారము గాక వరమే యనియు గణనశాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా మందలించెను. ఆయన మాటలో సగము సత్యమని నా అభిప్రాయము.

నేటి భాషానమూనాలు అపారమైన వాఙ్మయమును, ప్రోగ్రాములను అభ్యసించి, తెలుగున చెప్పిన కోరికను సైతము పైథాన్ ప్రోగ్రాముగా మార్చి యిచ్చుచున్నవి. ముందున్న మాటలను బట్టి తరువాత ఏది రాదగునో సంభావ్యతచే ఎన్నుకొనుట వాని పద్ధతి. కావున మనము చెప్పక విడిచినదానిని గూడ అవి తఱచు ఊహతోనే పూరించును. 'పోయిన నెల బాకీ పడిన వారందఱికి తాకీదు పంపుము' అని వర్తకుడు చెప్పినచో, ఈ నెల సొమ్ము కట్టివేసినవారిని విడిచిపెట్టవలెనని పాతకాపు గుమాస్తాకు ఎవరును చెప్పనక్కఱలేదు. నమూనా మాత్రము, వారిని చేర్చుట, విడుచుట అను రెండర్థములలో ఒకదానిని నిశ్శబ్దముగా గ్రహించి, దోషరహితముగా నడచు ప్రోగ్రామును వ్రాసి యిచ్చుటయు కలదు. షర్డ్‌లూ వలె ఎదురుప్రశ్న వేయు స్వభావము, నా దృష్టిలో, దీని పాండిత్యము కంటె విలువైనది. అది లేనిచోట, ప్రోగ్రాము రాని వర్తకునికి సులువైన పరీక్ష యొకటి కలదు: బాకీ పడి తీర్చినవాని ఖాతా ఒకటి, తీర్చనివానిది ఒకటి, సగము చెల్లించినవానిది ఒకటి ఏర్చి, ఎవరికి తాకీదు పోవలెనో ముందుగా కాగితముపై వ్రాసికొని, పిమ్మట ఆ మూడింటిపైననే ప్రోగ్రామును నడిపించి చూచుట.